అద్దాల గదిలో కాక

కాక పోయాడని సుజాత ఫోన్ చేసినప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, అనుమానం.

"నిజంగనేనా?" అన్నాను.

"గదేం మాటన్నా! పొద్దుగాల్ల పానం పోయింది. నేను మేడిపల్లిల బస్సెక్కిన. నువ్వొస్తున్నవా లేదా?" అంది.

వస్తున్నానని చెప్పి సిరిసిల్లలో నా జిరాక్సు షాపు షట్టరు దించాను. కానీ బస్సు వేములవాడ దాటి కోరుట్ల దారి పట్టినా నా మనసు ఒప్పుకోలేదు. చావు కబురు మీద కూడా అనుమానమేనా, ఇదేం బుద్ధి అని మీరు తిట్టుకోవచ్చు. తిట్టుకోండి. మీరు ఆయన దగ్గర పనిచేయలేదు, నేను చేశాను. ఒకసారి "వేములవాడ పోతున్న, రేపొస్త" అని సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరిన మనిషి, ప్రెస్సుకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో గల్లా వెనక కూర్చుని సాయంత్రం దాకా మమ్మల్ని కనిపెట్టాడు. హోటలాయన చాయ్ ఇవ్వడానికి వచ్చి, "మీ కాకకు ఇంకెన్ని చాయ్‌లు పొయ్యాలెనయ్యా నేను? లేస్తలేడు," అని మొత్తుకుంటే గానీ మాకు తెలియలేదు. అలాంటి మనిషి పోయాడంటే, ఎవరెవరు వస్తారో, వచ్చినవాళ్లలో ఎవరు నిజంగా ఏడుస్తారో చూద్దామని పడుకున్నాడేమో అనిపించదా మరి!

కోరుట్లలో ఆయనది పెళ్లికార్డుల ప్రెస్సు. కార్డులతో పాటు కరపత్రాలు, బిల్లు బుక్కులు, దినాల కార్డులు కూడా వేసేవాళ్లం. నేను కౌంటరు మీద ఆర్డర్లు తీసుకునేవాణ్ణి. సుజాత కంప్యూటరు మీద డిజైన్లు చేసేది. వెనక కటింగ్ మిషన్ దగ్గర యాదగిరన్న. ఊరు ఊరంతా ఆయన్ని కాకా అనే పిలిచేది, మేమూ అంతే. మా మధ్యలో ఆయనకొక గది ఉండేది, మూడు వైపులా అద్దాలు. ఆ అద్దాలకు కార్లకు వేసేలాంటి నల్ల ఫిల్ము అంటించాడు. లోపలి నుంచి ఆయనకు మేం కనిపిస్తాం. బయటి నుంచి మాకు మా మొహాలే కనిపిస్తాయి. ఆయన లోపల ఉన్నాడో లేడో కూడా తెలిసేది కాదు. అందుకని ఎప్పుడూ ఉన్నాడనే అనుకుని బతికాం.

పెన్ను అడిగితే ఇచ్చేవాడు, మూత మాత్రం తన దగ్గరే ఉంచుకునేవాడు. ఎంత పెద్దమనిషి వచ్చి సంతకానికి పెన్ను అడిగినా అంతే. ఆ పెద్దమనిషి సంతకం పెడుతున్నంతసేపూ కాక మూతను వేళ్ల మధ్య తిప్పుతూ ఎదురుగా నిలబడేవాడు. ఎవరైనా ఆయన్ని మెచ్చుకుంటే ఇక ఆ రోజంతా పని నడవదు. "గాయన నన్ను మంచోడని ఎందుకన్నడంటవ్? ఏం కావాలె ఆయనకు?" అని నా ప్రాణం తీసేవాడు. మనం కొంచెం మొహం చిన్నబుచ్చుకుంటే మాత్రం వెంటనే అనేవాడు, "నేను నిన్ను అనుమానిస్తలేనురా. సూస్తున్న, గంతే."

ఈ 'సూస్తున్న, గంతే' అనే మాట రోజూ వినేవాళ్లం.

కాగితం కట్టలు బీరువాలో పెట్టేటప్పుడు ఆయన చేసే పని ఒకటుంది. కట్ట అంచు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా పెన్సిలుతో గీత గీసేవాడు. మధ్యలో నుంచి కొన్ని కాగితాలు లాగితే గీత విరుగుతుంది. మళ్లీ ఎంత జాగ్రత్తగా సర్దినా అతకదు. ఇది ఆయనకు వాళ్ల నాన్న దగ్గర అబ్బిన బుద్ధి. ఆ బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టు మీద కల్లుకుండ, అదే లొట్టి, కట్టేటప్పుడు తాడు ముడి తనకొక్కడికే తెలిసిన తీరులో వేసేవాడట. ఎవరైనా రహస్యంగా ఎక్కి కల్లు వంచుకుని మళ్లీ కడితే, కిందనుంచి చూసే పట్టేసేవాడట. "మా బాపు ముడి జూసి మనిషి పేరు జెప్పేటోడు," అని కాక గర్వంగా చెప్పుకునేవాడు. లొట్టి సంగతేమో గానీ, తన చంటిది బొమ్మలేసుకుంటుందని రెండు కాగితాలు తీసిన యాదగిరన్నను ఆ పెన్సిలు గీత పట్టించింది, అది నాకు తెలుసు.

అయితే ఆయన అనుమానమంతా బాపు దగ్గరి నుంచి రాలేదు. దుబాయిలో ఏదో పెద్ద గోదాములో పనిచేశాడు. అక్కడ ఒకసారి సామాను తక్కువ పడింది. ఆయన పెట్టె వెతికారు. అందులో ఏమీ దొరకలేదు. అయినా పనిలోంచి తీసి విమానం ఎక్కించేశారు. ఈ కథ మాకు ఎన్నిసార్లు చెప్పాడో. చాయ్ తాగినప్పుడల్లా చెప్పేవాడు. ప్రతిసారీ ఒకే చోట ఆగేవాడు. "దొంగవని పంపిచ్చిన్రు, సరే. పంపిచ్చే ముంగట నన్ను అడగాలె గద? నన్ను అడగనన్న అడగలేదురా!" అనేవాడు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో ఎప్పుడూ చెప్పలేదు. అడగలేదన్నదే ఆయన బాధంతా.

ఇక ఒక డబ్బా సంగతి చెప్పాలి. షాపులో కంప్యూటర్లు ఎక్కువయ్యాక, అన్నింటి నుంచీ ప్రింట్లు ఒకే చోటికి చేరి వరుసగా మిషన్లకు వెళ్లేలా ప్రింట్ సర్వర్ అని ఒక చిన్న డబ్బా పెట్టించాడు. అరచేయంత ఉంటుంది, పచ్చ దీపం వెలుగుతుంటుంది. దాన్ని బిగించడానికి జగిత్యాల నుంచి మెకానిక్ వచ్చాడు. పని అయ్యాక కాక ఆయన్ని అద్దాల గదిలోకి తీసుకుపోయి తలుపేసుకున్నాడు. చాలాసేపు గుసగుసలు. బయటికి వచ్చినప్పుడు కాక మొహం చూడాలి, లంకెబిందెలు దొరికినట్టుంది. మాకు అర్థం కాలేదు.

సంగతి ఏమిటంటే, ఆ డబ్బాకు ఒక వెబ్ పేజీ ఉంటుంది. షాపులోని వైఫై మీద ఫోన్లో అయినా తెరుచుకోవచ్చు. ఏ కంప్యూటరు నుంచి ఏ ప్రింటు వెళుతోందో, ఎన్ని పేజీలో అంతా కనిపిస్తుంది. నిజానికి అది డబ్బాను సరిచేసుకోవడానికి పెట్టిన పేజీ. కాకకు మాత్రం అది ఇంకొక నల్లద్దం. మాకెవరికీ చెప్పలేదు. చెబితే చూడటమెందుకు మరి?

లగ్గాల సీజన్ మొదలయ్యాక డబ్బా ఆగిపోవడం మొదలైంది. మిషన్ మంచి ఊపులో ఉండగా దీపం ఎర్రబడేది, కార్డు సగంలో నిలిచిపోయేది. వరుసలో ఉన్న ప్రింట్లన్నీ పోయేవి. డబ్బా ఆపి, మళ్లీ పెట్టి, అన్నీ మళ్లీ పంపాలి. ఒకసారి వరుడి పేరు పడి వధువు పేరు పడకుండా ఆగింది. అదే సమయానికి పిల్ల తండ్రి నా కౌంటరు దగ్గరే నిలబడి ఉన్నాడు. సగం కార్డు చూసి ఆయన మొహం పాలిపోయింది. "మాకు ఇక్కడ వద్దు బిడ్డా," అని ఆర్డరు వాపసు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పు పట్టలేం.

జగిత్యాల మెకానిక్ వచ్చి వైర్లు మార్చాడు. కరెంటు సరిగా లేదన్నాడు. ఆయన ఉన్నంతసేపూ డబ్బా బుద్ధిగా నడిచేది. బస్సెక్కగానే ఆగేది. దాంతో షాపులో ఒకరి మీద ఒకరికి చూపులు మొదలయ్యాయి. నాకు యాదగిరన్న కటింగ్ మిషన్ మీద అనుమానం, యాదగిరన్నకు నామీద. అసలు కాకే ఆపుతున్నాడేమో, పండగకు బట్టలు పెట్టాల్సి వస్తుందని సాకు వెతుక్కుంటున్నాడేమో అని కూడా ఒకరోజు అనుకున్నాను. కాక అనుమానం మాత్రం ఒకే మనిషి మీద నిలిచింది. సుజాత మీద.

ఎందుకంటే సుజాత మా దగ్గరికి రాకముందు బస్టాండు దగ్గరి వేరే ప్రెస్సులో చేసింది. మేం వేసిన నెమలి కార్డు లాంటిదే అక్కడా పడింది. ఆ నెమలి ఇంటర్నెట్లో ఎవరికైనా దొరికే నెమలే. ఆ మాట కాకకు ఎవరు చెప్పాలి? "ఆమె మన డిజైన్లు ఆళ్లకు ఇస్తున్నది. ఇంక సాలక, మన మిషన్ గూడ ఆపుతున్నది," అని నా చెవిలో ఊదాడు. పేరు పెట్టి పిలవడం కూడా మానేశాడు. 'ఆమె' అనేవాడు. ఆమె ప్రింటు ఇచ్చినప్పుడే డబ్బా ఆగుతోందని చేతివేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు. నిజమే, ఎక్కువగా ఆమె ప్రింట్లప్పుడే ఆగేది.

సుజాతది మేడిపల్లి. రోజూ బస్సులో వచ్చిపోయేది. దుబాయిలో ఆమె పెనిమిటి చేసే కంపెనీ మూతపడి, ఆయన అక్కడ పని లేకుండా, ఇక్కడికి రాలేకుండా ఇరుక్కున్నాడు. ఇల్లు, కూతురి చదువు అంతా ఈమె పని మీదే నడిచేది. పని పోవడం ఒక ఎత్తు. దొంగ అన్న పేరుతో పోతే, కోరుట్లలో ఇంకే ప్రెస్సూ గడప తొక్కనివ్వదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు. కాకకు మా అందరికంటే బాగా తెలిసి ఉండాలి.

ఒక మంగళవారం కాక తన భార్యను, మా చిన్నమ్మను, తీసుకుని కొండగట్టు వెళ్లాడు. నిజంగానే వెళ్లాడు. మేం నమ్మలేదనుకోండి. రోజంతా ఎదురు హోటల్ గల్లా వైపు చూస్తూనే పని చేశాం. ఆ రోజు డబ్బా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగిపోయిన ఆర్డర్లన్నీ పూర్తయ్యాయి. పచ్చ దీపం అలా వెలుగుతూనే ఉంది. సుజాత ఆ రోజు పాట కూడా పాడింది.

మర్నాడు కాక ప్రసాదం పొట్లంతో వచ్చాడు. వెనకే జగిత్యాల మెకానిక్. సాక్ష్యానికి తీసుకొచ్చాడని తర్వాత తెలిసింది. లోపలికి వెళ్లి కూర్చున్నాడు. సుజాత పెద్ద ప్రింటు ఒకటి ఇచ్చింది. కాసేపటికే దీపం ఎర్రబడింది. అద్దాల గది తలుపు ధడాలున తెరుచుకుంది.

"నిన్న నేను లేను. పొద్దటిసంది పొద్దుమీకే దాంక డబ్బా ఆగలే. ఇయ్యాల నేనొచ్చి కూసున్ననో లేదో, ఆగింది. గీ మతలబేందో నువ్వే జెప్పు," అన్నాడు సుజాత ముందు నిలబడి.

"ఏం జెప్పాలె కాకా?"

"నేను సూస్తున్నని నీకెర్క. సూడొద్దని నువ్వే బంద్ జేస్తున్నవ్. నేను లేనినాడు బంద్ జేసే అవసరం నీకేమున్నది? గందుకే నిన్న నడిచింది. రేపటిసంది నువ్వు రాకు."

కౌంటరు దగ్గర ఇద్దరు గిరాకీలు కూడా ఉన్నారు. సుజాత లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నువ్వు సూస్తున్నవని నాకెట్ల ఎర్కైతది కాకా? ఆ నల్లద్దంల నాకు నా మొఖమే కనవడ్తది. నిన్న నేను గీ కుర్చీలనే ఉన్న, ఇయ్యాల గీ కుర్చీలనే ఉన్న. నిన్న లేంది, ఇయ్యాల ఉన్నది నువ్వు. మరి ఆపేటిది నేనెట్లైత?"

కాక నోరు తెరిచాడు. ఆమె ఆగలేదు.

"దుబాయిల నిన్ను అడగలేదని మా చెవులు పోయేటట్టు జెప్తవ్ గద. నువ్వు నన్ను అడిగినవా? గిన్ని దినాలసంది మనసుల పెట్టుకున్నవ్. ఏం బిడ్డా, గిదెందుకు ఆగుతున్నదని ఒక్క మాటన్న అడిగినవా?"

కాక చేతిలో పెన్ను మూత ఉంది. దాన్ని తిప్పడం ఆపాడు. అంతవరకు గోడకు ఆనుకుని నిలబడిన మెకానిక్ అప్పుడు మెల్లగా అడిగాడు. "కాకా, గిది ఆగినప్పుడు మీరు లోపట ఏం జేస్తున్నరు?"

"ఏం జేస్త? కూసుంట."

"నేను జెప్పిన ఆ పేజీ తెరుస్తున్నరా ఫోన్ల?"

కాక చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది. మా అందరి ముందు ఒప్పుకోవడమంటే ఇన్నాళ్లూ రహస్యంగా మమ్మల్ని చూశానని ఒప్పుకోవడమే. చివరికి, "సూస్త. సూడొద్దా? నా దుకాణం," అన్నాడు.

మెకానిక్ డబ్బాను ఆపి మళ్లీ పెట్టాడు. సుజాతను అదే ప్రింటు ఇవ్వమన్నాడు. మిషన్ కదిలింది. కార్డులు ఒక్కొక్కటే వచ్చి పడుతున్నాయి. "ఇగ తెరువుండ్రి," అన్నాడు కాకతో. కాక ఫోను మీద వేలు పెట్టాడు. దీపం ఎర్రబడింది. మిషన్ ఆగింది, కార్డు సగం బయట, సగం లోపల. కాక నమ్మలేదు. "మల్ల పెట్టు," అన్నాడు. మళ్లీ పెట్టారు. మళ్లీ ఆగింది. ఈసారి సుజాతను తన కంప్యూటరుకు దూరంగా, నా కౌంటరు దగ్గర నిలబెట్టి చూశాడు. అయినా ఆగింది.

"ఉత్తగున్నప్పుడు తెరిస్తే ఏం గాదు. పెద్ద ప్రింటు పోతున్నప్పుడు తెరిస్తే దాంతోని కాదు కాకా. నేను గూడ ఉత్తగున్నప్పుడే తెరిసి సూసిన, గందుకే దొరకలే. కొత్త డబ్బా తేవాలె. లేదంటే సూసుడన్న మానుండ్రి," అన్నాడు మెకానిక్.

ఆమె ప్రింట్లప్పుడే ఎందుకు ఆగేదో అప్పుడు నాకు అర్థమైంది. ఆమె ప్రింట్లప్పుడే కాక చూసేవాడు. నా మీదా యాదగిరన్న మీదా ఆయనకంత శ్రద్ధ లేదు. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. యాదగిరన్న అయితే నవ్వు ఆపుకోలేక కటింగ్ మిషన్ వెనక్కి పోయాడు.

కాక ఆ సగం కార్డును మిషన్లోంచి మెల్లగా లాగి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అద్దాల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. తప్పయిందని అనలేదు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. భోజనాల వేళకు బయటికి వచ్చి కొండగట్టు ప్రసాదం పంచాడు. ముందు సుజాతకే ఇచ్చాడు. ఆమె కళ్లకద్దుకుని తీసుకుంది. మర్నాడు రమ్మని ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె మర్నాడు పొద్దున ఎప్పటి బస్సుకే వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

ఆ రోజు మధ్యాహ్నం అద్దాల గది తలుపు కొంచెం తెరుచుకుంది. కాక తల ఒక్కటే బయటికి వచ్చింది.

"బిడ్డా, సూడాల్నా?"

మాకు ముందు అర్థం కాలేదు. సుజాతకు అర్థమైంది. మిషన్ వైపు చూసి, "ఆగు కాకా, లగ్గం కార్డులు పోతున్నయ్," అంది. కాక తల లోపలికి పోయింది. కార్డులు అయిపోయాక ఆమె గట్టిగా, "ఇగ సూడు కాకా!" అని కేకేసింది. మేం నోళ్లు మూసుకుని నవ్వాం. దొంగను పట్టుకునే మనిషి దొంగను అడిగి చూడటం మేమెక్కడా చూడలేదు మరి.

కొత్త డబ్బా కొనలేదు. "గిది మంచిగనే ఉన్నది గద, మనమే దాన్ని సతాయిచ్చినం," అనేవాడు. అనుమానం పోయిందనుకునేరు. పెన్ను మూత అలాగే దగ్గర పెట్టుకునేవాడు. కాగితం కట్టల మీద పెన్సిలు గీతలు అలాగే ఉన్నాయి. హోటల్లో దాక్కోవడమూ మానలేదు. ఆ ఒక్క పేజీ మాత్రం, రోజుకు ఎన్నిసార్లయినా సరే, అడిగే తెరిచేవాడు. "సూడాల్నా?" "ఆగు కాకా." "సూడాల్నా బిడ్డా?" "ఇగ సూడు." అలా ఏళ్లు గడిచాయి.

ఒకరోజు మాత్రం నేనొక సంగతి చూశాను. కాక తలుపు తీసి ఎప్పటిలాగే, "సూడాల్నా?" అన్నాడు. సుజాత సరేనంది. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. అప్పుడు ఆయన ఫోను నా కౌంటరు మీద చార్జింగుకు పెట్టి ఉంది. లోపల ఆయనకు ఇంకో ఫోను లేదు, కంప్యూటరూ లేదు. అప్పటి నుంచి కనిపెట్టి చూశాను. నాకూ ఆ రోగం అంటుకుంది కదా. చాలాసార్లు ఫోను ఆ కౌంటరు మీదే ఉండేది. ఆ సంగతి నేను సుజాతకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకూ తెలియదు.

కోరుట్లలో దిగి వాళ్లింటికి వెళ్లేసరికి వాకిట్లో టెంటు వేశారు. కాకను పడుకోబెట్టి మొహం మీద దాకా తెల్లబట్ట కప్పారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే బట్ట తొలగించి చూసి, దండం పెట్టి పక్కకు జరుగుతున్నారు. నేను కాళ్ల దగ్గర నిలబడ్డాను. చుట్టూ చూశాను, గోడ పక్కనా మెట్ల కిందా. ఎక్కడైనా నిలబడి మమ్మల్ని చూస్తున్నాడేమోనని. ఛీ, నా బుద్ధి!

అప్పుడు సుజాత వచ్చింది. బస్సులోనే ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బట్ట అంచు పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది. వంగి ఆయన చెవి దగ్గర, అందరికీ వినబడేలాగే అడిగింది.

"కాకా, సూడాల్నా?"

వెనక నిలబడ్డ ముసలమ్మకు ఏమీ అర్థం కాలేదు. "తియ్యి బిడ్డా, ఎనక మంది ఉన్నరు," అంది. సుజాత తియ్యలేదు. కార్డులు అయిపోయేదాకా ఆయన్ని ఆగమన్నంతసేపు, ఆమె అలాగే అంచు పట్టుకుని కూర్చుంది.

జవాబు రాలేదు. అప్పుడు నమ్మాను, కాక పోయాడని.